చుక్కల ఫొటో కింద నాలుగు పంక్తులు



రాత్రి ఆకాశాన్ని ఫొటో తీయించడం మన తెలుగు తరగతిలో ఒక పాఠం కావాలన్నది ఈ వ్యాసంలో నా ప్రతిపాదన. వినగానే విడ్డూరంగా తోచవచ్చు. చుక్కలకూ సంధులకూ సంబంధమేమిటి, అది విజ్ఞానశాస్త్రం చెప్పే మాస్టారి పని కదా అని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్న సబబైనదే. దానికి జవాబు చెప్పడానికే ఇంత రాస్తున్నాను. కాస్త ఓపికతో చదవమని ప్రార్థన.

2024 సెప్టెంబరు చివరి రోజుల్లో సుచిన్షాన్-అట్లాస్ అనే తోకచుక్క తెల్లవారుజామున తూర్పు దిక్కున కనిపించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అక్టోబరు నడిమికి అది సాయంకాలం పడమటికి మారింది. బెంగళూరులోనూ పరిసరాల్లోనూ ఎందరో దానిని ఫొటోలు తీశారు. ఆ ఫొటోలు ఫోన్ల వెంట మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ఇళ్ళకూ చేరాయి. పిల్లలు ఒకరికొకరు చూపించుకొని మురిసిపోయారు. అయితే వాటిలో చాలావాటి కింద తేదీ లేదు, ఊరు లేదు, దిక్కు లేదు, తీసినవారి మాట ఒక్కటీ లేదు. నెల తిరిగేసరికి అది ఎవరు ఎక్కడ తీసినదో చెప్పగలవారు లేకపోయారు. చూసిన కన్ను మన ఊరిదే అయినా, ఆ చూపు మనదని చెప్పే రాత మాత్రం మిగలలేదు.

ఇక్కడే తెలుగు మాస్టారికి పని ఉన్నదని నా అభిప్రాయం. ఆకాశపు ఫొటో పక్కన రాత లేకపోతే అది నల్లని కాగితం మీద తెల్లని మచ్చలు మాత్రమే. ఆ రాత నేర్పవలసినవాళ్ళం మనమే.

గాజు పలకలు నేర్పే పాఠం

ఇది నేను కొత్తగా కల్పించి చెబుతున్న మాట కాదు. ఆకాశాన్ని ఫొటో తీసే విద్య మన తెలుగు నేలకు వచ్చి నూటయాభై ఏళ్ళు దాటింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఆ నీడ గుంటూరు మీదుగా సాగింది. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చాడు. బ్రిటిషువారి పక్షాన మేజర్ టెన్నంట్ నాయకత్వంలో మరొక బృందం అక్కడికే వచ్చి, గ్రహణాన్ని గాజు పలకల మీద ఫొటోలు తీసింది. ఆనాటి పద్ధతిలో పలకకు మందు పూసి, ఆ తడి ఆరకముందే దూరదర్శినిలో పెట్టి ఫొటో తీయాలి, ఆరకముందే కడగాలి. సూర్యుడు పూర్తిగా మరుగైన సమయం ఆరు నిమిషాలకు లోపే. ఆ హడావుడిలోనే సూర్యబింబం అంచున కొమ్ములా పైకి లేచిన ఒక పెద్ద జ్వాల ఆ పలకలకు చిక్కింది.

అదే గ్రహణాన్ని అరేబియా తీరాన ఏడెన్‌లో జర్మన్ బృందమొకటి కూడా ఫొటో తీసింది. రెండు చోట్ల తీసిన చిత్రాలను పక్కపక్కన పెట్టి, ఆ కొమ్ము మారిందా లేదా అని తేల్చుకోవాలంటే ఏమి కావాలి? ఏ పలక ఎన్ని గంటలకు తీసినది, ఎంతసేపు వెలుతురు చూపినది, దిక్కులు ఎటు ఉన్నవి అని రాసిపెట్టి ఉండాలి. ఆ రాత ఉన్న పలకే శాస్త్రానికి సాక్ష్యం అవుతుంది.

హైదరాబాదు సంగతి ఇంకా గొప్పది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన వేధశాలను ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం స్వీకరించింది. అదే నిజామియా వేధశాల. ఆకాశమంతటినీ ముక్కలు ముక్కలుగా పంచుకొని ఫొటోలు తీసి, నక్షత్రాల పట్టిక తయారుచేయాలని 1887లో పారిస్ నగరంలో సమావేశమైన వివిధ దేశాల శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. ఆ మహాకార్యంలో దక్షిణ ఆకాశంలో 17 నుంచి 23 డిగ్రీల నడుమ ఉన్న పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చింది. బేగంపేటలో దూరదర్శిని పెట్టి ఏళ్ళ తరబడి గాజు పలకల మీద ఫొటోలు తీశారు. ఆ పలకల్లో ఆకాశం తెల్లగా, చుక్కలు నల్లగా కనిపిస్తాయి. ఒక్కొక్క నల్లని చుక్క ఎక్కడున్నదో కొలిచి, అంకెలు వేసి, సంపుటాలుగా అచ్చు వేశారు. 1918 నుంచి ఆ పనిని నడిపినవారు టి.పి. భాస్కరన్.

ఇందులో మనం గమనించవలసినది ఒకటి ఉన్నది. ఫొటో తీయడం కొద్ది నిమిషాల పని. దాన్ని కొలిచి రాయడం కొన్ని సంవత్సరాల పని. ఈనాటి శాస్త్రజ్ఞులు ఒక నక్షత్రం నూరేళ్ళలో ఎంత జరిగిందో తెలుసుకోవడానికి ఇటువంటి పాత పట్టికలనే ఆశ్రయించారు. తీసినవారు పోయారు, కొలిచినవారు పోయారు, వారి రాత మాత్రం ఇంకా పనిచేస్తూనే ఉన్నది.

ఆ వేధశాలలో ఉద్యోగం చేసిన ఒకాయన కుమారుడే వేణు బప్పు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదువుకొని, పైచదువుకు అమెరికాలోని హార్వర్డుకు వెళ్ళాడు. 1949లో తాను తీసిన ఫొటో పలకను పరిశీలిస్తుండగా అంతకుముందు ఎవరూ చూడని తోకచుక్క ఒకటి ఆయన కంటబడింది. మరి ఇద్దరి పేర్లతో కలిపి దానికి ఆయన పేరు పెట్టారు. తరువాత మన పొరుగున తమిళనాడులో కావలూరు వేధశాలను నెలకొల్పినది ఆయనే. అక్కడి పెద్ద దూరదర్శినికి 1986లో ఆయన పేరే పెట్టారు. చూడడం, పోల్చడం, రాయడం అనే మూడు అలవాట్లు ఆయనకు ఇంటినుంచే అబ్బినవి.

జనం భాషలో రాసినవారు

మన ఊరి పేరే ఇంటిపేరుగా గల ఒక మహానుభావుణ్ణి ఇక్కడ తలచుకోవాలి. చింతామణి రఘునాథాచారి మద్రాసు వేధశాలలో సహాయకుడిగా పనిచేసేవారు. పంచాంగకర్తల వంశం. 1867లో వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే ఒక నక్షత్రాన్ని కనిపెట్టారు. 1868 గ్రహణాన్ని వనపర్తి వెళ్ళి పరిశీలించారు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగిపోయే అరుదైన ఘట్టం రాబోతున్నదని తెలిసినప్పుడు, ఆ విషయాన్ని సామాన్యులకు తెలియజెప్పడానికి చిన్న పుస్తకం రాసి ఉర్దూ, కన్నడం వంటి మన దేశభాషల్లో వెలువరించారు.

ఆలోచించండి. ఆయనకు ఇంగ్లీషు వచ్చు. లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా చేర్చుకున్నది. అయినా ఆకాశంలో జరిగేది జనానికి వారి భాషలోనే చెప్పాలని ఆయన అనుకున్నారు. నూటయాభై ఏళ్ళ తరువాత, ప్రతి ఇంటా ఫొటో తీసే పరికరం ఉన్న కాలంలో, మన పిల్లలు తాము చూసిన చుక్కను గురించి తెలుగులో నాలుగు పంక్తులు రాయలేకపోతే ఆ లోపాన్ని సరిదిద్దవలసిన బాధ్యత ఎవరిది?

మన జిల్లా ఆకాశం

ఇదంతా ఎక్కడో గుంటూరులోనూ హైదరాబాదులోనూ జరిగిన కథ, మనకేమి సంబంధం అనుకోనవసరం లేదు. మన జిల్లాలోనే గౌరీబిదనూరు దగ్గర 1976 నుంచి రేడియో వేధశాల పనిచేస్తున్నది. భారతీయ ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి దానిని నెలకొల్పాయి. అక్కడ అద్దాలూ గొట్టాలూ ఉండవు. పొలంలో గుంజలు పాతి తీగలు కట్టినట్లు వరుసలు వరుసలుగా యాంటెనాలు ఉంటాయి. తూర్పుపడమరల వరుస 1.4 కిలోమీటర్ల పొడవు. కంటికి కనిపించే వెలుతురుకు బదులు ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను అవి పట్టుకొంటాయి. ఆ విధంగా తయారైన ఆకాశపటం 1990లో ప్రచురితమైంది. 1997 నుంచి అక్కడే సూర్యుని చుట్టూ ఉండే వేడి వాయుమండలానికి రేడియో చిత్రాలు తీస్తున్నారు. అదికూడా ఫొటో వంటిదే. కంటికి కనబడనిదాన్ని పటంగా మార్చడం.

చింతామణి నుంచి బెంగళూరు వెళ్ళే దారిలో హొసకోట దాటుతాము కదా, ఆ హొసకోటలో ఖగోళ భౌతిక సంస్థవారి కేంద్రం ఉన్నది. లదాఖులో హాన్లే అనేచోట, సముద్రమట్టానికి సుమారు 4500 మీటర్ల ఎత్తున ఉన్న రెండు మీటర్ల దూరదర్శినిని హొసకోటలో కూర్చొని ఉపగ్రహం ద్వారా నడుపుతారు. అక్కడి ఆకాశపు చిత్రాలు ఇక్కడికి వస్తాయి. మన పిల్లలు ఎక్కి వెళ్ళే బస్సు ఆ ఊరి మీదుగానే పోతుంది. ఈ సంగతి ఎంతమంది పిల్లలకు తెలుసునో మీ తరగతిలో ఒకసారి అడిగి చూడండి.

ఇంటి మాట, బడి రాత

ఇక మన అసలు సమస్యకు వస్తాను. మన తాలూకాల్లో ఎన్నో ఇళ్ళలో పొయ్యి దగ్గర మాట తెలుగు, బడిలో రాత కన్నడం. ఇందులో తప్పేమీ లేదు. కన్నడం మన రాష్ట్రభాష, మన పిల్లల చదువుభాష, మన అందరికీ అన్నంపెట్టే భాష. దాన్ని చక్కగా నేర్వాలి. అయితే ఇంటి తెలుగుకు రాత లేకుండా పోవడం వేరే సంగతి. కైవార తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు పాడిన నేల ఇది. ఆయన తెలుగు కీర్తనలను కన్నడ లిపిలో చదువుకొని పాడేవారు మన మధ్య ఎందరో ఉన్నారు. నోటికి వచ్చు, చేతికి రాదు. రాత లేని మాట ఒక తరంలో పలచబడుతుంది, మరొక తరంలో మరుగున పడుతుంది.

ముందుగా మరుగున పడేవి ఎటువంటి మాటలో గమనించారా? అన్నం, నీళ్ళు, రా, పో అనేవి నిలుస్తాయి. చీకట్లో అరుగు మీద కూర్చొని తలెత్తి చూసి చెప్పుకొనే మాటలే ముందు పోతాయి. తెల్లవారుజామున మెరిసే శుక్రుణ్ణి వేగుచుక్క అన్నారు. ఒకచోట గుంపుగా ఉండే కృత్తికలను పిల్లలకోడి అన్నారు. చంద్రుని చుట్టూ కట్టే వలయాన్ని వరదగుడి అన్నారు. గుడి దూరంగా కడితే వాన దగ్గరపడిందని మన రైతులు చెప్పేవారు. తోకచుక్క, పాలపుంత, అరుంధతి ఇవన్నీ అవ్వల నోట వినబడిన మాటలు. ఈనాడు పదేళ్ళ పిల్లవాడిని అడిగితే ఇంగ్లీషు పేరు చెబుతాడు, లేదా తెలియదంటాడు. వాడి తప్పు కాదు. వాడికి ఎవరూ చూపించలేదు.

ఆ మధ్య మా బడిలో ఒక బాలిక కృత్తికల ఫొటో తెచ్చి, దాని కింద వాళ్ళ అవ్వ చెప్పిన పిల్లలకోడి అనే మాటను కన్నడ అక్షరాలతో రాసింది. మాట తెలుగుది, లిపి కన్నడది. నేను దానిని కొట్టివేయలేదు. దాని పక్కనే తెలుగు అక్షరాలతో అదే మాట రాసి చూపించాను. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళ వంటివి గనుక ఆ పిల్ల రెండింటినీ పోల్చుకొని, తలకట్టు తేడా తానే కనిపెట్టింది. తెలిసినదాని నుంచి తెలియనిదానికి నడిపించమని టి.సి.హెచ్. శిక్షణలో మాకు చెప్పిన సూత్రం ఆనాడు నా కళ్ళముందు జరిగింది. అక్షరాలు నేర్పడానికి ఆ పిల్లకు ఒక కారణం కావాలి. అవ్వ మాట పోకూడదన్నదే ఆ కారణం.

ఎలా తీయించాలి

దీనికి ఖరీదైన కెమెరా అవసరం లేదు. ఇంట్లో ఉన్న ఫోను చాలు. కొన్ని చిన్న సంగతులు తెలిస్తే సరిపోతుంది.

చుక్కలను తీయాలంటే ఫోను కదలకూడదు. రెండు ఇటుకల నడుమ నిలబెట్టినా చాలు. వేలు తగిలి అదరకుండా మూడు సెకన్ల టైమరు పెట్టాలి. ఫ్లాష్ ఆపివేయాలి, దాని వెలుతురు నాలుగడుగులు దాటి పోయేది కాదు. ఫోనులో మనమే సరిచేసుకొనే పద్ధతి ఉంటే, వెలుతురు లోపలికి వచ్చే సమయాన్ని పది సెకన్లుగా పెట్టండి. చుక్క చుక్కలాగానే పడుతుంది. నిమిషాల తరబడి తెరిచి ఉంచితే చుక్క గీతగా మారుతుంది, ఎందుకంటే భూమి తిరుగుతున్నది. నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ. భూభ్రమణాన్ని పిల్లవాడు పుస్తకంలో చదవడం ఒక ఎత్తు, తన ఫొటోలో గీతగా చూడడం ఒక ఎత్తు.

చంద్రునికి ఇది పనికిరాదు. చంద్రుడంటే ఎండ పడుతున్న రాతిగుండు. అంత వెలుతురుకు సెకనులో నూరోవంతు కూడా ఎక్కువే. వెలుతురు తగ్గించి తీస్తే మచ్చలు కనిపిస్తాయి. లేకుంటే తెల్లని పళ్ళెం కనిపిస్తుంది. పున్నమినాటి కంటే అష్టమినాడు తీస్తే వెలుగునీడల అంచున గుంటలు బాగా తేలుతాయి. దూరదర్శిని గాని బైనాక్యులర్సు గాని దొరికితే ఫోను కన్నును దాని కంటికి ఆనించి తీయవచ్చు.

ధ్రువనక్షత్రం మన ఊళ్ళలో ఉత్తరాన పదమూడు, పధ్నాలుగు డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చేయి చాచి పిడికిలి పట్టితే సుమారు పది డిగ్రీలు. అంటే పిడికిలిన్నర కూడా ఉండదు. ఉత్తరాన కొండ ఉన్న పల్లెకు అది కనబడనే కనబడదు. మా ఊరికి ధ్రువుడు లేడని ఒక పిల్లవాడు రాస్తే, అది ఆ ఊరి భూగోళం.

ఇప్పుడు ఆ నాలుగు పంక్తులు. మొదటి పంక్తిలో తేదీ, సమయం, వీలైతే తిథి. రెండవ పంక్తిలో ఊరు, నిలబడిన చోటు, చూసిన దిక్కు. మూడవ పంక్తిలో పేరు: ఇంట్లో పెద్దలు ఏమంటారు, పుస్తకంలో ఏమన్నారు, కన్నడంలో ఏమంటారు. మన వేగుచుక్క వారికి బెళ్ళి చుక్కి. చుక్క అనే మాట ఇద్దరిదీ. నాలుగవ పంక్తిలో కంటికి ఏమి కనిపించింది, ఫొటోలో ఏమి కనిపించింది, రెండింటికీ తేడా ఏమిటి. కృత్తికల్లో కంటికి ఆరో ఏడో లెక్కకు వస్తాయి, ఫొటోలో ఇంకా ఎక్కువ వస్తాయి. ఆ తేడాను రాయడానికి పిల్లవాడు కంటె, కన్నా, మాత్రమే, కూడా వంటి మాటలన్నీ వాడక తప్పదు. ఏ వ్యాకరణ అభ్యాసం ఇంత సహజంగా ఉంటుంది?

పెళ్ళిళ్ళలో అరుంధతిని చూశామని అందరూ తల ఊపుతారు, పగటి ముహూర్తంలో ఎవరికీ కనబడదు. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి భోజనాల వేళకు సప్తర్షులు ఉత్తరాన పైకి వచ్చి ఉంటారు. వసిష్ఠుని పక్కన అరుంధతి వేరుగా వస్తుందో లేదో ఫోనుతో తీసి చూడమనండి. ఆ వేసవిలో పెళ్ళయిన ఇంటివారికి ఆ ఫొటోను నాలుగు తెలుగు పంక్తులతో కానుకగా ఇవ్వవచ్చు.

కొన్ని అభ్యంతరాలు

మొదటిది, పిల్లల చేతికి ఫోను ఇవ్వడమా అని తల్లిదండ్రులు అంటారు. ఈ భయాన్ని తేలికగా తీసివేయను. నేను కోరేది ఫోను పిల్లవాడికి ఇమ్మని కాదు, పిల్లవాడితో కలిసి మీరు మిద్దె ఎక్కమని. పదిహేను నిమిషాలు. ఫోను తండ్రి చేతిలో, పలక పిల్ల చేతిలో ఉండనివ్వండి. చీకట్లో ఆడపిల్లలను బయటికి పంపబోమనే తల్లులకు కూడా ఇదే జవాబు. ఇంటి మిద్దె చాలు, తోడుగా అవ్వ ఉంటే ఇంకా మంచిది, పేర్లు తెలిసినది ఆమెకే.

రెండవది, ఫోను అబద్ధం చెబుతుందన్న అభ్యంతరం. నిజమే. కొన్ని ఫోన్లు తీసిన ఫొటోకు తమంతట తామే మెరుగులు దిద్దుతాయి. కావాలని మసకబరిచిన చంద్రుని బొమ్మను చూపితే, ఫోను లేని వివరాలను చేర్చి స్పష్టమైన చంద్రుణ్ణి ఇచ్చిందని 2023లో ఒక ప్రయోగం గురించి పెద్ద చర్చ జరిగింది. అందుకే నాలుగవ పంక్తి అవసరం. నేను కంటితో చూసినది ఇది, యంత్రం చూపినది ఇది అని వేరుచేసి రాయగల పిల్లవాడు రేపు వార్తలోనూ అలాగే వేరుచేయగలడు.

మూడవది, పోటీ పెట్టి మంచి ఫొటోకు బహుమతి ఇద్దామనే ఉత్సాహం. దయచేసి వద్దు. మంచి ఫొటోకు బహుమతి ఇస్తే అది ఖరీదైన ఫోనుకు ఇచ్చినట్లే. టమోటా తోటలో కూలికి పోయే తల్లి బిడ్డ ఆ పోటీలో ఎన్నడూ గెలవడు. ఫోనే లేని ఇంటి పిల్లవాడు బొమ్మ గీసి రాసినా సమానంగానే స్వీకరించాలి. మనం దిద్దవలసినది రాతను, మెచ్చవలసినది చూపును.

నాలుగవది, ఉపాధ్యాయ మిత్రుల మాట. పాఠ్యప్రణాళికలో లేదు, సమయం లేదు అంటారు. లేఖ రాయండి, వర్ణించండి అనే అభ్యాసాలు ప్రతి తరగతిలోనూ ఉన్నవే. చూడని సముద్రతీరాన్ని వర్ణించమని అడిగే బదులు, నిన్న రాత్రి మిద్దె మీద చూసినదాన్ని వర్ణించమని అడగండి. అదనపు గంట ఏమీ అక్కరలేదు.

చీకటి కూడా కావాలి

చివరగా ఒక హెచ్చరిక. బాగేపల్లి దిక్కున పల్లెల్లో ఇంకా పాలపుంత కనిపించే చోట్లు ఉన్నాయి. చిక్కబళ్ళాపురం వైపు వచ్చేకొద్దీ దక్షిణపు ఆకాశం బెంగళూరు దీపాలతో తెల్లబారుతూ ఉంటుంది. పూలరైతులు చామంతి మొక్క తొందరపడి పూయకుండా తోటల్లో రాత్రులు బల్బులు వెలిగిస్తారు. అది వారి బతుకుతెరువు, దానిని తప్పుపట్టను. కాని గుడి గోపురం మీదికీ, ఖాళీ మైదానం మీదికీ, ఆకాశం మీదికీ రాత్రంతా వెలిగే దీపాలు ఎవరి కోసం?

హాన్లే పల్లెల చుట్టూ 2022లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతాన్ని ఏర్పరచారు. అక్కడ దీపాలకు పైకప్పు వేసి, వెలుతురు నేలకే పడేటట్లు చేస్తున్నారు. ఆ పల్లెల యువతీయువకులే శిక్షణ పొంది వచ్చినవారికి చుక్కలు చూపిస్తున్నారు. దీపానికి ఒక రేకు మూత వేయడం మన పంచాయితీలకు కూడా అసాధ్యం కాదు. పిల్లల ఫొటోలే అందుకు సాక్ష్యంగా పనికివస్తాయి. ఏటా అదే మిద్దె మీదినుంచి, అదే నెలలో, అదే దిక్కుకు తీసిన ఫొటోలను వరుసగా పెడితే మన ఊరి ఆకాశంలో ఎన్ని చుక్కలు తగ్గుతున్నాయో ఎవరైనా లెక్కపెట్టవచ్చు. తేదీలు రాసి ఉంటేనే సుమా.

మాటలకూ చుక్కలకూ ఇక్కడ ఒకే గతి పట్టింది. రెండూ ఒక్కసారిగా మాయం కావు. మసకవెలుతురులో ఒక్కొక్కటిగా కనబడకుండా పోతాయి. చూసేవాడు లెక్క పెట్టుకోకపోతే పోయినట్లే తెలియదు.

కాబట్టి నా కోరిక ఇది. రాబోయే అమావాస్యనాడు, మబ్బు లేకుంటే, ప్రతి తెలుగు ఉపాధ్యాయుడూ తన తరగతిలో ఐదుగురు పిల్లలకు ఈ పని అప్పగించాలి. బడికి ఒక నోటుపుస్తకం పెట్టండి, దానిమీద ఊరి పేరు రాయండి. ఫొటో అచ్చు వేయించడం కష్టమైతే బొమ్మ గీయించండి, రాత మాత్రం తప్పనిసరి. కార్తీకమాసం వచ్చినప్పుడు ఆ నెలకు ఆ పేరు కృత్తికల వల్లనే వచ్చిందని చెప్పి పిల్లలకోడిని చూపించండి. 2028 డిసెంబరు 31 రాత్రి మనకు సంపూర్ణ చంద్రగ్రహణం కనిపించబోతున్నది. ప్రపంచమంతా కొత్త సంవత్సరానికి టపాకాయలు కాల్చే వేళకు ముందు ఎర్రబారిన చంద్రుడు మన మిద్దెల మీద ఉంటాడు. ఆ రాత్రి తీసే లెక్కలేనన్ని ఫొటోలలో బాగేపల్లి పిల్లల ఫొటోల కింద తెలుగులో నాలుగు పంక్తులు ఉండాలంటే, అక్షరాలు దిద్దించడం ఈ ఏడే మొదలుపెట్టాలి.